అర్వాద్ పడవ

సోమవారం పొద్దున కువైట్‌లోని షువైఖ్ గోదాములో ఆ పెట్టె విప్పింది బుల్లిరాజే. చెక్క పెట్టెలు బిగించడం, వచ్చినవాటిని విప్పడం అతని ఉద్యోగం. పద్నాలుగేళ్ళలో మోటార్లు, పాలరాతి పలకలు, ఒకసారి ఎవరింటిదో పియానో, ఎన్నో చూశాడు. పడవ రావడం మాత్రం ఇదే మొదటిసారి.

పద్దెనిమిది అడుగుల చేపల పడవ. తెల్లరంగు మీద నీలం పట్టీ, ముక్కుకు తాడుతో కట్టిన నీలం పూస. సిరియా ఒడ్డుకెదురుగా, మధ్యధరా సముద్రంలో, అర్వాద్ అనే చిన్న దీవి ఉందట. అక్కడినుంచి వచ్చింది. ఆ సముద్రం చుట్టూ ఉన్న ఊళ్ళ పనితనాన్ని చూపించడానికి కువైట్‌లో పదిరోజుల ప్రదర్శన పెడుతున్నారు. గురువారం సాయంత్రం మొదలు. మట్టి కూజాలు, మగ్గాలు, ఆలివ్ నూనె సబ్బులు, వలలు వేరే పెట్టెల్లో వచ్చి అప్పుడే హాలుకు వెళ్ళిపోయాయి. పడవ ఒక్కటే మిగిలింది. దానితోపాటు దాన్ని చేసిన మనిషి కూడా వచ్చాడు. పేరు అబూ యాసీన్. డెబ్బై దాటిన మనిషి, తల మీద అల్లిన టోపీ, చేతులు రెండూ కోటు జేబుల్లో.

పక్క చెక్కలు తీసి బుల్లిరాజు లోపలికి వంగి చూశాడు. పడవ ఎడమవైపు అడుగున రెండు పలకలు విరిగి లోపలికి కుంగి ఉన్నాయి. అతను పక్కకు తప్పుకున్నాడు. గోదాము నడిపే ముదీర్ హానీ, ఈజిప్టు మనిషి, మోకాళ్ళ మీద కూచుని ఆ విరిగిన చోటును వేలితో తడిమాడు.

"దీన్ని కంటైనర్‌లోంచి దించిందెవరు?"

"నేనే సార్," అన్నాడు పెంచల్, ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీదినుంచి దిగుతూ. కడప జిల్లా రాజంపేట దగ్గరి మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. మాట్లాడేటప్పుడు చేతిగుడ్డ వేళ్ళకు చుట్టుకునే అలవాటు.

"బతాకా తియ్యి."

పెంచల్ గుర్తింపు కార్డు తీసి ఇచ్చాడు. హానీ దాన్ని చొక్కాజేబులో వేసుకున్నాడు. గొంతు పెంచలేదు. "ఫోర్క్ ముల్లు తగిలింది. డ్రైవర్ నిర్లక్ష్యం అని కాగితం రాయిస్తాను. ఈ నెలాఖరుకు నీ ఇఖామా ఖలాస్, మీ దేశం పోవడమే."

"తగల్లేదు సార్. పెట్టె పెట్టినట్ల దించినా."

హానీ అప్పటికే బుల్లిరాజు వైపు తిరిగాడు. "నువ్వు బాగుచేయగలవా? గురువారం మధ్యాహ్నానికల్లా కావాలి."

బుల్లిరాజు కింద పడున్న పెట్టె అడుగు చెక్కల్ని చూశాడు. వాటి మీద గీత కూడా లేదు. ముల్లు పడవకు తగలాలంటే ముందు ఆ చెక్కలు చీలాలి. పెట్టెల పని చేసేవాడికి అది చూడగానే తెలిసిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికే అతని అరచెయ్యి పడవ పక్కన ఆనుకుని ఉంది. రంగు కింద పలకల అతుకులు వేళ్ళకు తెలుస్తున్నాయి.

"చేయగలను," అన్నాడు అరబ్బీలో.

ముసలాయన పడవ ముక్కు దగ్గరే నిలబడి ఉన్నాడు. జరిగినదంతా విన్నాడు.

మధ్యాహ్నం బుల్లిరాజు పని మొదలుపెట్టాడు. విరిగిన పలకల మేకులు ఒక్కొక్కటే లాగి, చెక్కను పక్కన పెట్టాడు. లోపల పలకలకు ఆనుకుని పక్కటెముకల్లా వంపు కర్రలున్నాయి. వాటిలో ఒకటి రెండు ముక్కలైంది. దాన్ని బయటికి తీసి వెలుతురులో పెట్టుకుని చూశాడు. కొత్తగా విరిగిన కర్ర లోపల కొబ్బరిముక్కలా తెల్లగా ఉంటుంది. ఇది అంచున వేలెడు మేరే తెల్లగా ఉంది. తక్కినదంతా నల్లబడింది. ఆ నలుపులోకి మేకు తుప్పు కారి ఎండిపోయింది. పగులులో పుట్టీ కూరారు. పుట్టీ మీద తెల్లరంగు కూడా దిగింది. అంటే ఇది ఎప్పుడో విరిగింది. విరిగినదాన్ని కప్పి, రంగేసి, పెట్టెలో పెట్టి పంపారు. దారి కుదుపులకు మిగతాది తెగి, పలకల్ని కూడా లాగింది.

తల ఎత్తేసరికి అబూ యాసీన్ అతన్నే చూస్తున్నాడు. రంగు డబ్బా బోర్లించుకుని ఎదురుగా కూచున్నాడు. చేతులు ఇప్పుడు ఒళ్ళో ఉన్నాయి. రెండూ ఆగకుండా వణుకుతున్నాయి.

బుల్లిరాజు ఆ కర్రముక్కల్ని గోడవారన చెక్కపొట్టు పక్కన పెట్టాడు.

"ఇది ఏం చెక్క, హాజీ?"

"తూత్. మల్బరీ. దీవిలో చెట్లు లేవు. ఇళ్ళు తప్ప ఏమీ లేదు. అవతలి ఒడ్డున కొండకు వెళ్ళి కొమ్మలు చూసుకుని తెచ్చేవాళ్ళం. వంపు చెట్టే ఇవ్వాలి. మనిషి వంచితే నిలవదు."

"మా నాన్నా అదే అనేవాడు," అన్నాడు బుల్లిరాజు. "మా పడవలకు తుమ్మ."

ఆ సాయంత్రం గోదాము వెనక గదిలో పెంచల్ అన్నం వండి ఇద్దరికీ వడ్డించాడు. ఆరేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే కుండ.

"లోపల జూసినావు గదన్నా. ఎట్లుండాది?"

"చూత్తన్నాను," అన్నాడు బుల్లిరాజు. "ఒక వంపు కర్ర కావాల్రా. ఇక్కడ దుకాణాల్లో దొరికేయన్నీ తిన్నటి చెక్కలే."

పెంచల్ గరిటె కింద పెట్టాడు. అతని భార్య కళావతి అర్దియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. "కళావతి వాళ్ళింటి ముందర సిద్ర్ చెట్టు కొట్టిస్తాండారంట. మన రేగిచెట్టే గదన్నా అది. కొమ్మలు బయట పడేసినారని నిన్న చెప్పింది. పనికొస్తాదా?"

బుల్లిరాజు ముద్ద నోట్లో పెట్టుకుని తలూపాడు. పనికొస్తుంది. రేగు గట్టి చెక్క.

"పడవ బాగైతే ముదీర్ మెత్తబడతాడేమో," అన్నాడు పెంచల్. "ఆయమ్మికి ఇంగా రెండేండ్లు కాగితముండాది. నన్ను పంపిచ్చేస్తే ఒక్కతే యాడుంటాదన్నా ఈ దేశంలో."

బుల్లిరాజు నీళ్ళు తాగి లేచాడు. చెప్పాలనుకున్నాడు. చెబితే పెంచల్ అప్పటికప్పుడు ముదీర్ దగ్గరికి పోతాడు, ముదీర్ ప్రదర్శన వాళ్ళను పిలుస్తాడు. వాళ్ళొచ్చి ముందే విరిగిన పడవ మాకొద్దంటారు. పడవ మళ్ళీ పెట్టెలోకి పోతుంది. ఆ పెట్టెకు మేకులు కొట్టేది తనే. పొద్దున చూద్దాంలే అనుకుని చేతులు కడుక్కున్నాడు.

మంగళవారం అర్దియాకు బుల్లిరాజు, అబూ యాసీన్ టాక్సీలో వెళ్ళారు. పెంచల్ రాలేదు. బతాకా లేకుండా గోదాము దాటి బయటికి రావడానికి భయం. ఇంటి ప్రహరీ బయట కొమ్మలు మనిషెత్తు గుట్టగా పడున్నాయి. ముసలాయన గుట్ట చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక కొమ్మ దగ్గర ఆగి, ముంజేతిని దాని మీద ఆనించి, మోచెయ్యి వంచి సరిచూశాడు. సరిగ్గా అదే కొమ్మ మీద బుల్లిరాజు కన్ను కూడా పడింది. రంపం పెట్టి కోసేటప్పుడు రెండోవైపు కదలకుండా ముసలాయన కాలితో తొక్కిపట్టాడు. చేతులతో పట్టుకోవడానికి మాత్రం ప్రయత్నించలేదు.

గేటు తీసుకుని కళావతి వచ్చింది. చెయ్యి తుడుచుకుంటూ, లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"తీస్కపోమని మా ఇంటామె, మామా, చెప్పిందన్నా. ఇంగేమైనా కావల్నా?"

"చాలమ్మా. ఇదొక్కటి చాలు."

"ఆయన ఫోన్ జేసినాడు. పడవ ఇరగ్గొట్టినావంటా కార్డు గుంజుకున్నారంట." ఆమె అబూ యాసీన్ వైపు చూసింది. "ఈ తాతదేనా పడవ?"

"ఈయనదే."

"తాతా," అంది కళావతి. అరబ్బీ ఇంట్లో ఏడేళ్ళు చేసిన మనిషి. అక్కణ్ణుంచి ముసలాయనతో అరబ్బీలోనే మాట్లాడింది. "అతను నా భర్త. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాడు, అంత జాగ్రత్త. నువ్వు ముదీర్‌కు ఒక మాట చెప్పు. నీ మాట వింటారు."

అబూ యాసీన్ టోపీ సర్దుకున్నాడు. లోపలినుంచి మామా పిలుపు వినిపించి కళావతి గేటులోకి అడుగుపెట్టి, ఆగి, బుల్లిరాజును అడిగింది. "ఆయనకేం గాదు గదన్నా?"

"ఏం గాదమ్మా," అన్నాడు బుల్లిరాజు.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో ఇద్దరూ వెనక సీటులో కూచున్నారు. కొమ్మ ఇద్దరి ఒళ్ళోనూ అడ్డంగా పడుంది. అల్ రాయ్‌లో కార్ల దుకాణాల దగ్గర ట్రాఫిక్ ఆగినప్పుడు ముసలాయన ఉన్నట్టుండి తన దీవి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. దీవి చుట్టూ పాతకాలపు రాతిగోడ ఉందట. ఒక్కో రాయి ఈ కారంత. ఎవరు పేర్చారో దీవిలో ఎవరికీ తెలియదు. పిల్లలు ఆ రాళ్ళ మీదినుంచే సముద్రంలోకి దూకుతారు. వీధులు ఎంత ఇరుకంటే ఒక్క కారు కూడా లేదు. కొత్త పడవను నీళ్ళలోకి తోసే రోజు గొర్రెను కోసి ముక్కుకు నెత్తురు పూస్తారు, ఆడవాళ్ళు గోడ మీద నిలబడి నాలుక ఆడిస్తూ సంబరంగా కూతలు పెడతారు. తన తండ్రి చేసిన పడవలు ఎనభై మూడు. తను చేసినవి అరవై. ఇప్పుడు దీవిలో ఫైబర్ పడవలు.

"మాకూ అంతే," అన్నాడు బుల్లిరాజు. "తాళ్ళరేవులో మా నాన్న పడవలు చేసే షెడ్డు ఉన్న చోట ఇప్పుడు రొయ్యల చెరువు. పడవ దించేటప్పుడు మేము పసుపు రాసి కొబ్బరికాయ కొడతాం."

"నెత్తురు లేదా?"

"కోడి. కొందరు."

ముసలాయన నవ్వాడు. అతను నవ్వడం బుల్లిరాజు చూడటం అదే మొదలు.

ఆ పగలంతా, మర్నాడు పొద్దున కూడా పని సాగింది. బుల్లిరాజు తన పనిముట్ల పెట్టె అడుగునుంచి బాడిస తీశాడు. పద్నాలుగేళ్ళుగా దాన్ని నూనెగుడ్డలో చుట్టి ఉంచాడు గానీ పెట్టెల పనికి దానితో అవసరం రాలేదు. రేగు కొమ్మ బెరడు చెక్కి, నాలుగు వైపులా చదును చేసి, పడవలోకి దించి చూసి, మళ్ళీ పైకి తీసి చెక్కాడు. తొమ్మిదిసార్లు దించాడు, తీశాడు. ముసలాయన పెన్సిల్‌తో చూపించిన చోటల్లా గీతలు వంకర్లు పోయాయి. ఆ వంకర గీతల్లోనే సరైనది ఏదో బుల్లిరాజు పోల్చుకున్నాడు. కొత్త పలకను తడిగోనె చుట్టి, మరిగే నీళ్ళు పోస్తూ పోస్తూ, ఇద్దరు బంగ్లా కూలీలు అవతలి కొస లాగి పట్టుకోగా మెల్లగా వంచి మేకులు దిగ్గొట్టాడు. తరవాత సందులు కూరడం. మందుల దుకాణంలో కొన్న దూదిని తొడ మీద పెట్టి అరచేత్తో పేని తాడు చేసి, అవిసె నూనెలో ముంచి, మొద్దు ఉలితో సందులోకి కొట్టాలి. గోదావరి పడవలకు దూది మీద గుగ్గిలం కాచి పోస్తారు. ఇక్కడ పుట్టీ రాస్తున్నాడు. అంతే తేడా.

దెబ్బ చప్పుడు బట్టి సందు నిండిందో లేదో తెలుస్తుంది. ఒకచోట అతను ఆపేసి ముందుకు జరగబోతే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. బుల్లిరాజు ఇంకో రెండు దెబ్బలు వేశాడు. అప్పుడు మోత మారింది.

"ఇప్పుడు సరి, ముఅల్లిం," అన్నాడు అబూ యాసీన్.

ముఅల్లిం అంటే పనిలో గురువు. పద్నాలుగేళ్ళలో కువైట్‌లో అతన్ని ఆ మాటతో పిలిచినవాళ్ళు లేరు. బుల్లిరాజు ఉలి కింద పెట్టాడు. ఎందుకో ఆ మాట విన్నాక ఇంక దాచడం చేతకాలేదు.

"హాజీ. ఆ కర్ర ముందే విరిగింది. ఇక్కడ కాదు."

ముసలాయన కింద పడిన దూదిపోగులు ఏరాడు.

"నాకు తెలుసు. నీకు తెలిసిపోయిందని కూడా తెలుసు," అన్నాడు. "వాళ్ళు కొత్త పడవ అడిగారు. అర్వాద్‌లో ఆఖరి పనివాడివి నువ్వే, ఇంకా చేస్తున్నావు కదా అన్నారు. అవునన్నాను. ఈ చేతులతో నేను మేకు కొట్టి ఆరేళ్ళయింది. ఇది నేను వేటకు పోయే పడవే. ముప్పై ఒక్క ఏళ్ళది. రంగు వేయించాను." కాస్త ఆగి అడిగాడు. "కొమ్మ ఇచ్చిన ఆడమనిషి. ఆమె మొగుడిని నిజంగానే పంపించేస్తారా?"

"పంపించేత్తారు," అన్నాడు బుల్లిరాజు తెలుగులో, తనకు తెలియకుండానే. మళ్ళీ అరబ్బీలో చెప్పాడు.

ముసలాయన లేచి, దుమ్ము దులుపుకుని బయటికి వెళ్ళాడు. ఆ రోజు మళ్ళీ రాలేదు.

సాయంత్రం అయిదు గంటలకు హానీ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. వెనకే పెంచల్. అరబ్బీలో ఆరు వరుసలున్నాయి. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల పడవ దెబ్బతిన్నదని, ఆ సంగతి మరమ్మతు చేసిన వడ్రంగి ధ్రువీకరించాడని హానీ చదివి వినిపించాడు. కింద పెంచల్ వేలిముద్ర అప్పటికే పడి ఉంది. దాని పక్క ఖాళీ.

"ఇక్కడ సంతకం చెయ్యి. యల్లా, నాకు పని ఉంది."

బుల్లిరాజు కలం తీసుకున్నాడు. పట్టుకుని నిలబడ్డాడు. పెంచల్ చేతిగుడ్డను వేళ్ళకు చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

"ఫోర్క్ తగల్లేదు," అన్నాడు బుల్లిరాజు. "లోపలి కర్ర ముందే విరిగి ఉంది. పగులు నల్లగా ఉంది. పుట్టీ పెట్టి కప్పారు."

"ఏదీ, చూపించు."

బుల్లిరాజు గోడవారకు వెళ్ళాడు. పొట్టు కాలితో చెరిపాడు. వంగి రెండు చేతులతో తీసి చూశాడు. కర్రముక్కలు లేవు. పొద్దున ఉన్నాయి. అవి ఎవరు తీసుకుపోయారో అతనికి వెంటనే అర్థమైంది.

"ఏదీ?" అన్నాడు హానీ మళ్ళీ.

"ఇక్కడే ఉండాలి. లేదు. కానీ నేను చూశాను."

హానీ కాగితం మడిచాడు. కోపం కన్నా విసుగే కనిపించింది అతని ముఖంలో. "రేపు పడవ లారీ ఎక్కాక నీ సంగతి కూడా చూద్దాం," అని కలం వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు.

పెంచల్ అక్కడే నిలబడ్డాడు. బుల్లిరాజు వైపు అదోలా చూశాడు. ఆ పూట గదిలో అన్నం ఒక్కడికే వండుకున్నాడు.

గురువారం పది గంటలకు ప్రదర్శన తరఫున ఒక కువైటీ యువకుడు కారులో వచ్చాడు. పక్కసీటులోంచి అబూ యాసీన్ దిగాడు. చంకలో తువాలు చుట్టిన మూట. హానీ గదిలో బల్ల మీద తువాలు విప్పి కర్రముక్కలు రెండూ పక్కపక్కన పెట్టాడు. తలుపు తెరిచే ఉంది. పడవకు చివరి పూత రంగు వేస్తున్న బుల్లిరాజుకు మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ముసలాయన పెద్దగా ఏమీ చెప్పలేదు. ఇది పాతదని, విరిగింది తన ఇంటి దగ్గరేనని, డ్రైవర్‌కు దీనితో సంబంధం లేదని చెప్పి, కుర్చీలో కూచున్నాడు.

"ఇందులో దాచాల్సిందేముంది, అంకుల్?" అన్నాడు యువకుడు. "ముప్పై ఏళ్ళ పడవైతే మాకు ఇంకా మంచిది. నిన్న మీరు వచ్చినప్పుడే చెప్పాను కదా. రోజూ సాయంత్రం మీరు జనం ముందు పని చేసి చూపిస్తారని కార్యక్రమంలో వేశాం. అదొక్కటే ఇబ్బంది."

అబూ యాసీన్ చేతులు బల్ల మీద పెట్టి చూపించాడు. తరవాత తలుపులోంచి బయటికి, బుల్లిరాజు వైపు చూపించాడు. "అతను చేస్తాడు. నాకన్నా బాగా చేస్తాడు."

యువకుడు మర్యాదగా నవ్వాడు. "అతను ఇండియన్ కదా అంకుల్. జనం మధ్యధరా చూడటానికి వస్తారు. మీరు మీ ఊరి బట్టలు కట్టుకుని పడవ పక్కన కూచోండి, చాలు. ఫొటోలు దిగుతారు."

ముసలాయన చేతులు మళ్ళీ జేబుల్లోకి పోయాయి. బయటికి వచ్చేటప్పుడు పడవ దగ్గర ఆగాడు. కొత్త పలక మీద వేళ్ళ వెనకతో ఒకసారి కొట్టి, మోత విని, కారు వైపు వెళ్ళాడు. బుల్లిరాజుకు సలాం చెప్పలేదు. చెప్పాల్సింది ఆ దెబ్బతోనే చెప్పినట్టు బుల్లిరాజుకు అనిపించింది.

హానీ బతాకాను పెంచల్ చేతికి ఇవ్వలేదు. ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీద పడేసి పోయాడు. కాగితం సంగతి ఇంకెవరూ ఎత్తలేదు.

పెంచల్ కార్డు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, జేబులో పెట్టుకున్నాడు. లారీ వచ్చి నిలబడింది. పడవ కింద దూలాలు సర్దుతున్న బుల్లిరాజు దగ్గరికి వచ్చాడు.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"సోమారం."

"సోమారం." పెంచల్ ఆ మాటను మెల్లగా అన్నాడు. "సోమారం నా చేతి కూడు తిన్నావు. మంగళారం కళావతి దగ్గర కొమ్మ తెచ్చుకున్నావు. ఏం గాదులే అంటివంట ఆయమ్మితో. ఎందుకు చెప్పల్యా?"

బుల్లిరాజుకు చాలా జవాబులు తోచాయి. ముసలాయన పరువు పోతుందని. ముదీర్ నమ్మడని. ఉద్యోగం పోతుందని. అన్నీ కొంచెం కొంచెం నిజాలే. వాటిని ఒక్కొక్కటే పక్కన పెట్టాక మిగిలింది చెప్పాడు.

"చెబితే పడవ పని ఆపేత్తారనుకున్నాను."

"పడవ పని."

"ఊఁ."

పెంచల్ అతని చేతులవైపు చూశాడు. బాడిస పిడి ఒరుసుకుని అరచేతుల్లో బొబ్బలు లేచి పగిలాయి. వాటి మీద తెల్లరంగు. పెంచల్ వెళ్ళి సీటు ఎక్కి ఇంజన్ ఆన్ చేశాడు. ముళ్ళు రెండూ నేలకు దించి పడవ కిందికి తెచ్చి, బెత్తెడు దూరంలో ఆపాడు.

"ఎంత లేపల్లో చెప్పు," అన్నాడు. ఈసారి అన్నా అనలేదు.

బుల్లిరాజు ఎదురుగా వచ్చి నిలబడి చెయ్యి పైకెత్తాడు. వేళ్ళు కదిపాడు. పడవ నేల విడిచింది. అతను పక్కనే నడుస్తూ, ఒక చెయ్యి రేగు కర్ర ఉన్న చోట పలకకు ఆనించి, రెండో చేత్తో సైగ చేస్తూ పోయాడు. ఇంకొంచెం. ఆగు. ఎడమకు. పెంచల్ అతని ముఖంలోకి చూడలేదు. ఊపిరి బిగబట్టుకుని ఆ చేతినే చూస్తూ, వేలు ఎంత కదిలితే అంతే లేపుతూ, పడవను లారీ మీదికి చేర్చాడు.